బొమ్మలో కుడిచెంప

ఆ వేసవిలో ఒకే రాగిరేకు మీద నుంచి రెండు బొమ్మలు వచ్చాయి. మొదటి దాంట్లో ఒక ఆడది పసిపిల్ల నోట్లో జిన్ను సారా పోస్తూ ఉంటుంది. రెండో దాంట్లో అదే పిల్లకు అదే జిన్ను ఒక మగవాడు పోస్తాడు. రెండూ లండన్‌లో బాగా అమ్ముడుపోయాయి. మొదటిది నా మొగుడు ఓబెడ్ చెక్కాడు. అతను ఉలి పట్టిన ఆఖరి వేసవి అదే. రెండోది ఎవరు చెక్కారని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఆడది ఉలి పడుతుందని ఎవరికీ తట్టలేదు, అందుకే బతికిపోయాను.

మేం సెయింట్ జైల్స్‌లో క్రాకర్ సందులో మేడమీద గదిలో ఉండేవాళ్లం. కిటికీ కింద ఓబెడ్ బల్ల, గోడవార అచ్చు యంత్రం, ఆ రెంటి మధ్యా మా పక్క. రేకు చెక్కడం అతని పని. సిరా పూసి తుడవడం, తడికాగితం పరిచి చక్రం తిప్పడం నా పని. మా పాప లెటీకి అప్పుడు ఏడో నెల. పళ్లొస్తున్న పిల్ల ఏడవక ఏం చేస్తుంది?

జూన్ నెలలో బొమ్మల షాపు లాత్‌బరీ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ మీద కాగితాలుంటే వాటి మీదే కూర్చున్నాడు.

"ఊరంతా జిన్ను గోలేనయ్యా ఓబెడ్. పార్లమెంటులో అదే, చర్చిలో అదే. తాగి చెడిన తల్లీ, ఒళ్లో బిడ్డా, బిడ్డ నోట్లో సీసా. చూసినవాడికి ఒళ్లు జలదరించాలి, నవ్వూ ఆగకూడదు. పది రోజుల్లో ఇవ్వాలి."

"పది రోజులా? రేకు గీకి నున్న చెయ్యడానికే మూడు రోజులు పడుతుంది."

"పక్క షాపువాడు ఈపాటికే మొదలెట్టించాడు. వాడి బొమ్మ ముందు వేలాడిందంటే, నీ బొమ్మలు చేపలు చుట్టుకోడానికి పనికొస్తాయి. ఆలోచించుకో."

ఓబెడ్ ఆలోచించుకోలేదు. గ్లాసులో జిన్ను పోసుకుని కిటికీలోంచి కిందికి చూశాడు. సందు మొదట్లో మార్జరీ పాస్క్ తోపుడుబండి పెట్టుకుని జిన్ను అమ్ముతూ ఉంటుంది. చిన్నప్పుడు మరిగే నీళ్లు పడి ఆవిడ ఎడమచెంప కాలిపోయింది. అందరూ కాలినచెంప మార్జరీ అనే పిలిచేవారు. ఓబెడ్ గ్లాసులో ఉన్న జిన్ను ఆవిడ అమ్మిందే. ఆ గ్లాసు తాగుతూనే ఆవిడ బొమ్మ గీశాడు. మొహం వాచినట్టు, కళ్లు పీక్కుపోయినట్టు, నోరు చెవులదాకా సాగదీసి గీశాడు. అందులో ఆవిడ పోలిక అంటూ మిగిలింది ఆ చెంప ఒక్కటే.

గీయడం అయ్యాక చెక్కడం మొదలెట్టిన రోజు మధ్యాహ్నం లెటీ గుక్కపట్టి ఏడుస్తోంది. నేను చక్రం దగ్గరుండగానే ఓబెడ్ ఒక గుడ్డపేలిక గ్లాసులో ముంచి దాని నోట్లో పెట్టాడు.

"ఆ విషం పెట్టకయ్యా! నిన్న పొద్దుగూకేదాకా పిల్ల కళ్లు తెరవలేదు."

"పడుకుంది కదే హాయిగా! నా పని నన్ను చేసుకోనీ."

"పడుకోవడం కాదది. చచ్చిపోతుందయ్యా నా బిడ్డ!"

పేలిక లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. నా చెయ్యి తగిలి గ్లాసు కూడా బోర్లాపడింది. పిల్ల పోతుందంటే చలించని మనిషి, జిన్ను ఒలికిపోతే మాత్రం కుర్చీ తన్నుకుంటూ లేచాడు. చేతికి అందింది అద్దం. దాన్నే నా మొహం మీదికి విసిరాడు.

ఆ అద్దం మామూలుది కాదు, పని అద్దం. రేకు మీద కుడివైపు చెక్కింది కాగితం మీద ఎడమవైపు పడుతుంది. అందుకని గీసిన బొమ్మను అద్దంలో చూసుకుంటూ తిరగేసి చెక్కాలి. అది నా కుడిచెంపకు తగిలి, గోడకు కొట్టుకుని, ముక్కలైంది. చెంప పొడుగునా చర్మం విచ్చుకుంది. రక్తం లెటీ టోపీ మీద పడింది. ఓబెడ్ ఒక్క క్షణం ఆగి చూసి, తరవాత నా కడుపులో తన్నాడు. నా వల్ల అద్దం పోయిందని.

పిల్లను ఎత్తుకుని మెట్లు దిగితే మార్జరీ బండి వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మెట్టు మీద కూర్చోబెట్టి సీసా మూత తీసింది.

"పళ్లు బిగపట్టు పిల్లా. ఈ దిక్కుమాలిన సరుకు ఇందుకు మాత్రం పనికొస్తుంది."

గాయం మీద జిన్ను పోస్తే ప్రాణం పోయినంత పనయింది. ఆవిడ తన భుజాల మీది గుడ్డ చింపి నా చెంపకు కట్టుకట్టింది. ఆ తరవాత లెటీ మొహం దగ్గర వంగి, వెంటనే తల ఎత్తింది.

"దీని నోరు నా సీసా వాసనొస్తోందే!"

"ఆయన పెడుతున్నాడక్కా. ఏడుపు మాన్పడానికి."

మార్జరీ సీసాకు మూత బిగించింది. "తనకేనని చెప్పి పట్టికెళ్తున్నాడే ముండాకొడుకు. నేను అమ్ముతాను, కాదనను. సారా అమ్ముకునేదానికి నీతులేంటని నవ్వుతారు కూడా. కానీ పసిదానికి పోసేవాడికి చుక్క ఇవ్వను. పోసిన తల్లులని ఈ బండి దగ్గరే చెంపలు వాయించాను," అంది. ఆ రోజునుంచి ఓబెడ్‌కు ఆవిడ అమ్మలేదు. అతను ఇంకో వీధికి వెళ్లి తెచ్చుకున్నాడు. ఆ కోపం కూడా రేకు మీదే తీర్చుకున్నాడు.

అద్దం లేదు. కొత్తది తెచ్చుకునే ఓపిక లేదు. గీసింది గీసినట్టే చెక్కిపారేశాడు. మొదటి కాగితం యంత్రంలోంచి తీసి చూస్తే కాలిన మచ్చ కుడిచెంప మీద పడింది.

"తిరగబడిందయ్యా. ఆవిడది ఎడమచెంప."

"ఎడమైతే ఏంటి, కుడైతే ఏంటి? దాని మొహం ఎవడిక్కావాలే! సిరా పుయ్యి."

పూశాను. నా చేతులతోనే రెండు వందల కాగితాలు అచ్చుతీశాను. నిజం చెప్పొద్దూ, ఆ సాగదీసిన మూతి చూసి ఒకసారి నాకే నవ్వొచ్చింది. నా కుడిచెంపకు కట్టుంది. కట్టు కింద ఎలా మానుతోందో నేను చూసుకోలేదు. చూసుకోడానికి ఇంట్లో అద్దమేది?

లాత్‌బరీ షాపు కిటికీ ముందు జనం గుమిగూడేవారు. మార్జరీ కూడా వెళ్లి చూసొచ్చింది. "చెంప నాదే తల్లీ, పక్క మారింది. ఆ పిల్లెవరో మటుకు తెలియలేదు," అంది నాతో. నవ్వుతూనే అంది గానీ ఆ రోజు బండి తొందరగా మూసేసింది. నేను తల ఎత్తలేకపోయాను.

ఓబెడ్ మాత్రం తాగుడుకొట్టులో గొప్పలు పోయాడు. "కల్పించింది కాదురా! ఉన్న మనిషిని చూసి గీశాను. సెయింట్ జైల్స్‌లోనే తిరుగుతోంది. ముగ్గురు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది," అన్నాడు. ఆ ముగ్గురి సంగతి అక్కడికక్కడ పుట్టించాడు. మార్కెట్ కసాయివాళ్లంతా తాగేది అక్కడే.

జూలైలో ఒక సోమవారం గొర్రెకాళ్ల కోసం క్లేర్ మార్కెట్‌కు వెళ్లాను. మా వైపు సోమవారం ఎవడూ పని ముట్టడు, పొద్దున్నించే తాగుతారు. ఎండకు ఉక్కపోసి చెంప కట్టు ఆ రోజే విప్పాను. లెటీ శాలువాలో మత్తుగా పడుంది. నేను నీళ్లకు వెళ్లొచ్చేలోగా ఓబెడ్ మళ్లీ పేలిక పెట్టాడని నాకు తెలుసు. తెలిసీ చంకనేసుకుని వెళ్లాను. ఇంట్లో అతని దగ్గర వదలడం కన్నా అదే నయమనుకున్నాను.

"ఏయ్, ఇది ఆవిడే!" ఒక కసాయివాడి పెళ్లాం వేలు చూపించింది. "కుడిచెంప చూడు!"

"ఎవరే?"

"బొమ్మలోదే! లాత్‌బరీ కిటికీలో లేదూ? పిల్లతో సహా ఉంది!"

మొదట నవ్వులాటే. ఎవడో క్యాబేజీ కాడ విసిరాడు. "అమ్మాయ్, పాలు పడుతున్నావా, జిన్ను పడుతున్నావా?" అని ఇంకొకడు అరిచాడు. నేను కూడా నవ్వి తప్పించుకుందామనే చూశాను. అప్పుడు జాబ్ క్రాంప్ అడ్డం వచ్చాడు. కసాయివాళ్లలో పెద్దమనిషి, ద్వారబంధమంత మనిషి. వంగి లెటీ నోటి దగ్గర ముక్కుపెట్టాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"జిన్నే," అన్నాడు. "పసిగుడ్డు నోట్లో జిన్ను కంపు."

"నేను కాదు బాబూ! నా మొగుడు..."

మొదటి దెబ్బ ఎవరు కొట్టారో చూడలేదు. వెనకనుంచి జుట్టు పట్టుకుని లాగారు. పిల్లను నా చేతుల్లోంచి పీకేశారు. శాలువా చిరిగి సగం నా దగ్గర మిగిలింది. "లెటీ! నా లెటీ!" అని అరుస్తుంటే, తల్లి ప్రేమ చూడండర్రా అని పడిపడి నవ్వారు. కాళ్లతో డొక్కల్లో కుమ్మారు. మానుతున్న చెంపను ఒక ఆడది గోళ్లతో రక్కి మళ్లీ తెరిచింది. గుర్రాలు నీళ్లు తాగే తొట్టి దగ్గరికి ఈడ్చుకెళ్లి తల ముంచారు. పైకి తీశారు, మళ్లీ ముంచారు. నీళ్లలో ఎర్రగా నా రక్తమే కనిపించింది. చుట్టూ కసాయివాళ్లు నరికే కత్తుల మీద ఎముకలతో వాయించడం మొదలెట్టారు. కాపురాల్లో తప్పు చేసినవాళ్లను ఊరేగించేటప్పుడు వాయించే మోత అది. ఎన్నోసార్లు పెళ్లాన్ని కొట్టేవాడి గుమ్మం ముందు ఆ మోత విని సంతోషపడ్డాను. నా మీదే మోగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఒరేయ్ జాబ్! దాన్ని వదలరా!"

మార్జరీ గొంతు. సోమవారాలు ఆవిడ బండి మార్కెట్‌కే తెచ్చేది. జనాన్ని బండితో గుద్దుకుంటూ తొట్టి దాకా వచ్చింది.

"ఆ బొమ్మలో ఉన్నది నేనురా. ఇదిగో, చూసుకో." టోపీ పీకి ఎడమచెంప చూపించింది.

"బొమ్మలో మచ్చ కుడివైపు ఉంది ముసల్దానా. నీది ఎడమ."

"చెక్కినవాడు తాగి పక్క మార్చేశాడురా! అచ్చు తీసింది ఇదే. కావాలంటే దీన్నే అడుగు."

జాబ్ నా జుట్టు పట్టుకుని తల ఎత్తాడు. నీళ్లు మింగి మాట రావడం లేదు. "ఏమ్మా, నిజమేనా? బొమ్మలో ఉన్నది ఇదేనా?"

మార్జరీ నా వైపు చూసి చిన్నగా తల ఊపింది. చెప్పెయ్యమని. ఆ పక్కన ఎవరి చంకలోనో లెటీ తల వేలాడేసి ఉంది. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు.

"అవును," అన్నాను.

ఇంకొక్క మాట చెప్పాల్సింది. ఆవిడ ఏ పిల్లకూ ఎప్పుడూ పొయ్యలేదని. ఆ ఒక్క మాటకు ఊపిరి మిగిలే ఉంది నాకు. చెప్పలేదు. చెబితే మళ్లీ నా వైపు తిరుగుతారని భయం. పిల్లను నా చేతుల్లో పడేశారు. లెటీ మూలిగింది. నేను గోడవారన పాక్కుంటూ పోయాను.

మార్జరీని ఆవిడ బండిలోనే వెనక్కి తిప్పి కూర్చోబెట్టి కట్టారు. సీసాలన్నీ పగలగొట్టారు. పగలగొట్టేముందు కొన్ని ఆవిడ నోట్లోనే ఖాళీ చేశారు, గరాటు పెట్టి, ఇద్దరు దవడ పట్టుకుని. "తాగు, పిల్లలకు పోశావుగా, తాగు!" అంటూ మార్కెట్ చుట్టూ తిప్పారు. మూడో చుట్టులో బండి రాళ్ల మీద తిరగబడింది. కట్లు ఎవరూ విప్పలేదు. గాజుపెంకుల మీద ఆవిడను బూట్లతో తన్నడం నేను చూశాను. పిల్ల మొహం నా భుజానికి అదుముకుని నేను మాత్రం చూశాను. పొద్దుగూకకుండానే ఆవిడ ప్రాణం పోయింది. చర్చివాళ్లు దిక్కులేనివాళ్లను పూడ్చే గోతిలో పూడ్చారు.

మర్నాడే లాత్‌బరీ గారు ఎగిరి గంతేస్తూ వచ్చాడు. "నిజంగానే కొట్టి చంపారటగా! ఇక బొమ్మ ఆగదు. ఇంకో మూడు వందలు తియ్యండి!"

"చూశావటే? నా చెయ్యి అలాంటిది," అన్నాడు ఓబెడ్ నాతో. నా మొహం కమిలి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. "నువ్వు కూడా ఊరికే అక్కడికి ఎందుకెళ్లావే!" అని విసుక్కున్నాడు. ఆ సాయంత్రమే లెటీ ఏడిస్తే మళ్లీ పేలిక కోసం వెతికాడు.

అప్పుడు కూర్చుని లెక్కవేసుకున్నాను. పిల్లకు ఇంకో నెల ఇలా సాగితే నేను దాన్ని కూడా ఆ గోతిలోనే పెట్టి రావాలి. పారిపోతే వెతికి తెచ్చి కొడతాడు, పిల్ల అతనిదేనని అందరూ అతని పక్షమే మాట్లాడతారు. నా చేతుల్లో ఉన్నది ఆ రేకు ఒక్కటే.

లెటీని వీపుకు కట్టుకునే పని చేశాను. ఓబెడ్ మధ్యాహ్నం కొట్టుకు పోతే చీకటిపడేదాకా రాడు. నాకు ఐదు మధ్యాహ్నాలు పట్టింది, మిగతా వేళ రేకును సిరాగుడ్డల కింద దాచాను. గీకుడుకత్తితో మార్జరీ మొహం గీకేశాను. రాగి గుంటపడితే వెనకనుంచి సన్నసుత్తితో కొట్టి ఎత్తాను, నూనె వేసి నునుపు చేశాను. ఆ మొహం పూర్తిగా పోయేదాకా ఆవిడకు క్షమాపణ చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ తరవాత ఉలి పట్టాను. పావడాను ఉలిపనివాడు ముందు కట్టుకునే తోలుగుడ్డగా మార్చాను. సీసా పక్కన ఒక పేలిక చేర్చాను. మొహం మాత్రం సాగదీయలేదు, వాపు పెట్టలేదు. రోజూ చూసే మొహాన్ని ఉన్నదున్నట్టు చెక్కాను. ఓబెడ్ ఎడమచెవి పై సగం ఉండదు, ఎప్పుడో తాగిన గొడవలో ఎవడో కొరికేశాడు. ఆ చెవిని జాగ్రత్తగా తిరగేసి చెక్కాను. అద్దం అక్కర్లేకపోయింది. ఆరేళ్లుగా రేకు మీద తిరగబడ్డ లోకాన్నే చూస్తున్న కళ్లు నావి.

అచ్చు తీసి కట్ట కట్టి నేనే షాపుకు పట్టుకెళ్లాను. లాత్‌బరీ గారు పైకాగితం చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. కాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వీడు మన ఓబెడ్ కదే! తన మొహం తనే పెట్టుకున్నాడా? పిచ్చివాడా ఏంటి?"

"తాగినప్పుడు ఏం చేస్తాడో ఆయనకే తెలియదండీ," అన్నాను.

"పాత పిల్ల, కొత్త మొహం! చూసినవాళ్లు కూడా మళ్లీ కొంటారు." స్వయంగా కిటికీలో తగిలించాడు. ఒక మనిషి చచ్చాక కూడా ఆయనకు ఇంకే అనుమానమూ రాలేదు. అది అమ్ముడుపోతుందా లేదా అన్నదొక్కటే తేలాలి.

ఆ బొమ్మ చూసినవాడు ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పను. ఆ తొట్టి నీళ్లు నేను మింగినవే.

తరవాతి సోమవారం మధ్యాహ్నం ఓబెడ్ ఎందుకో ఇంట్లోనే ఉండి తాగుతున్నాడు. లెటీని నేను కిందపెట్టడం మానేసి రెండు వారాలు కావస్తోంది. పేలిక దాని నోటికి చేరలేదు. ఇంటి కప్పు లేచిపోయేలా ఏడుస్తోంది.

"దాని నోరు ముయ్యవే!"

"ఏడవనీ. ఒంట్లో బాగున్న పిల్ల."

అప్పుడే దూరంగా మోత వినిపించింది. కత్తుల మీద ఎముకలు, మధ్యలో పెనాలు, గిన్నెలు. ఓబెడ్ మొహం వెలిగిపోయింది. గ్లాసు పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఎవరికో మూడిందే! ఆ కాగితం ఇలా ఇయ్యి, సుద్దముక్క కూడా. గీసిపెట్టుకుంటే లాత్‌బరీ కళ్లకద్దుకుంటాడు." నేను ఇచ్చాను. అతను కిటికీ చెక్క మీద కాగితం పెట్టుకుని గబగబా గీయడం మొదలెట్టాడు. కత్తులు, తెరిచిన నోళ్లు, ముందు నడుస్తున్న జాబ్ క్రాంప్. మోత దగ్గరికొచ్చింది. మా గుమ్మం కింద ఆగింది.

"ఇక్కడాగారేంటే? కింద వాటాలో ఎవడు పెళ్లాన్ని కొట్టాడు?" అంటూ నవ్వుతున్నాడు. గీసే చెయ్యి ఆగలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తలుపు తన్ని జాబ్ లోపలికొచ్చాడు, వెనక ఆరుగురు. అతని చేతిలో చుట్టిన కాగితం ఉంది. దాన్ని విప్పి ఓబెడ్ మొహం పక్కన పట్టుకుని, చెవి చూశాడు. ఓబెడ్ కూడా బొమ్మ వైపు చూశాడు. సుద్దముక్క కిందపడి విరిగింది.

"ఇది నేను చెక్కలేదు! ఇదెవడో..." నా వైపు తిరిగాడు. "టామ్సిన్, చెప్పవే! నేను కాదని చెప్పవే వీళ్లకి!"

జాబ్ నన్ను గుర్తుపట్టాడు. నా చెంప చూసి ఒకసారి కళ్లు దించుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఏమ్మా, ఇతనేనా?"

"అవును," అన్నాను. ఈసారి ఆ మిగిలిన మాట కూడా చెప్పాను. "మార్జరీ ఏ పిల్లకూ ఎప్పుడూ పొయ్యలేదు. పోసింది ఇతనే."